క్లీన్ ఎనర్జీకి కోటీశ్వరుల డబ్బు: మనం దాన్ని నమ్ముకోవచ్చా?

పొద్దుతిరుగుడు

చాన్నాళ్లుగా మనసులో నలుగుతున్న విషయం ఇది. ఇక్కడ తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను, కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

2015 నవంబరు 30న, పారిస్ వాతావరణ సదస్సు మొదలైన రోజు, బిల్ గేట్స్ ఇరవై మందికి పైగా సంపన్నుల్ని కూడగట్టి బ్రేక్‌త్రూ ఎనర్జీ అనే పెట్టుబడిదారుల కూటమిని ప్రకటించారు. జెఫ్ బెజోస్, జుకర్‌బర్గ్, బ్రాన్సన్ ఉన్నారు, ముకేశ్ అంబానీ, రతన్ టాటా కూడా ఉన్నారు. అదే రోజు ఇరవై దేశాలు మిషన్ ఇన్నోవేషన్ పేరుతో స్వచ్ఛ ఇంధన పరిశోధన ఖర్చును ఐదేళ్లలో రెట్టింపు చేస్తామన్నాయి. నాకు ఆ రోజు నిజంగా ధైర్యం వచ్చింది. ఇన్నేళ్లూ మాటలే విన్నాం, ఇప్పుడు డబ్బున్నవాళ్లు దిగారు, ఇక పని జరుగుతుంది అనుకున్నాను.

పదేళ్లు తిరిగేసరికి ఏమైంది? 2025 మార్చిలో అదే సంస్థ అమెరికాలో, యూరప్‌లో పాలసీ మీద పనిచేసేవాళ్లను పదుల సంఖ్యలో తీసేసింది. అక్టోబరులో, బ్రెజిల్‌లోని బెలెం సదస్సుకు ముందు, గేట్స్ ఒక పెద్ద లేఖ రాశారు. వాతావరణ మార్పు మానవజాతిని అంతం చెయ్యదు, ఉష్ణోగ్రత ఒక్కటే కొలమానం కాకూడదు, పేదరికం, ఆరోగ్యం మీద ఎక్కువ దృష్టి పెట్టాలి అని అందులో సారాంశం. చదివాక రెండు రోజులు నాకు మనసు మనసులో లేదు. ఒక మనిషి అభిప్రాయం మారితే ఇంత పెద్ద పని దారి మారిపోతుందా? అసలు వీళ్ల డబ్బు మీద ఆశ పెట్టుకోవడమే మన తప్పా?

లెక్కలమాస్టారు

ముందు ఒకటి తేల్చుకుందాం. దానం వేరు, పెట్టుబడి వేరు. పేపర్లలో రెండిటినీ కలిపేసి రాస్తారు, అక్కడే గందరగోళం మొదలవుతుంది.

బ్రేక్‌త్రూ ఎనర్జీ వెంచర్స్ 2016 డిసెంబరులో 100 కోట్ల డాలర్లకు పైగా డబ్బుతో మొదలైంది. అది ఇరవై ఏళ్ల గడువున్న ఫండ్. కంపెనీలో వాటా కొంటారు, లాభం వస్తే వాళ్లకే వస్తుంది. బెజోస్ ఎర్త్ ఫండ్ అలా కాదు, 2020లో 1,000 కోట్ల డాలర్లు ప్రకటించి 2030లోపు ఖర్చుపెడతామన్నారు, అది చాలావరకు గ్రాంటుల రూపంలో పోతుంది. అమెరికా వ్యాపారవేత్త మైఖేల్ బ్లూమ్‌బర్గ్ బొగ్గు వ్యతిరేక ఉద్యమానికి ఇచ్చింది కూడా దానమే.

ఇక పరిమాణం సంగతి. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2025 అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం మీద స్వచ్ఛ ఇంధనానికి ఒక్క ఏడాదిలో పోయే పెట్టుబడి 2.2 లక్షల కోట్ల డాలర్లు. ఆ 100 కోట్ల ఫండ్ దీని పక్కన పెడితే 2,200 రూపాయల్లో ఒక రూపాయి, అది కూడా ఇరవై ఏళ్లకు కలిపి. కాబట్టి వాళ్లు తప్పుకుంటే ప్రపంచం ఆగిపోతుందన్న భయం పెట్టుకోకండి. ఆ ఒక్క రూపాయి ఏ చోట పడుతోందో చూడాలి.

ఇంకొక అంకె కూడా గుర్తుపెట్టుకోండి. ప్రపంచంలో జరిగే దానాలన్నిటిలో వాతావరణం కోసం పోయేది 2 శాతం లోపే.

చిగురు

మాస్టారూ, ఇరవై ఏళ్లు ఎందుకు? మామూలు ఫండ్లు కూడా అంతే ఉంటాయా?

పాతకాపు

దీనికి నేను చెప్తా, ఎందుకంటే ఆ దెబ్బ నేను స్వయంగా తిన్నాను.

మామూలు వెంచర్ ఫండ్, అంటే కొత్త కంపెనీల్లో వాటా కొనే ఫండ్, ఆయుష్షు పదేళ్లు. ఆ లోపు కంపెనీని అమ్మేసో, షేరు మార్కెట్‌కి తీసుకెళ్లో డబ్బు తిరిగి ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్‌కి అది చాలు. 2006 నుంచి 2011 దాకా అదే పద్ధతిలో స్వచ్ఛ ఇంధన కంపెనీల్లో 2,500 కోట్ల డాలర్లకు పైగా కుమ్మరించారు, సగానికి పైగా పోగొట్టుకున్నారు. అప్పట్లో నేను సన్నపొర సోలార్ సెల్స్ చేసే ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. సిలికాన్ ఖరీదెక్కువ, మేం తక్కువ పదార్థంతో చేస్తాం అన్నదే మా ఆశంతా. 2008 తర్వాత సిలికాన్ ధర పడిపోయింది. లాబ్‌లో మా సెల్ బాగానే పనిచేస్తోంది, ఫ్యాక్టరీ లైన్ ఇంకా కుదురుకోలేదు, మరో రెండేళ్లు కావాలి, పెట్టుబడిదారులకు మాత్రం గడువు దగ్గరపడింది. మూత. ఆఖరి మూడు నెలల జీతం ఇప్పటికీ రాలేదు. జీతం కంటే ఎక్కువ బాధ ఏమిటంటే, ఆ యంత్రాలను తుక్కు కింద తూకం వేసి అమ్మారు, ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

అందుకే ఇరవై ఏళ్ల ఫండ్ అన్న మాట విన్నప్పుడు నాకు దాని విలువ వెంటనే అర్థమైంది. ఇనుము, సిమెంటు, రియాక్టరు, బ్యాటరీ, ఇవేవీ పదేళ్లలో చేతికి రావు. ఓపిగ్గా కూర్చోగల డబ్బు కావాలి. అది పెన్షన్ ఫండ్ ఇవ్వదు, బ్యాంకు అసలే ఇవ్వదు.

కానీ ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. సోలార్‌ను చవక చేసింది ఏ కోటీశ్వరుడూ కాదు. 1954లో బెల్ లాబ్స్‌లో పనికొచ్చే మొదటి సిలికాన్ సెల్ తయారైంది. తర్వాత దశాబ్దాల పాటు ఉపగ్రహాలకు, మారుమూల టెలిఫోన్ స్తంభాలకు తప్ప ఎక్కడా గిట్టుబాటు కాలేదు. 2000లో జర్మనీ చట్టం చేసింది, ఇంటి పైకప్పు మీద తయారయ్యే కరెంటుకి ఇరవై ఏళ్లపాటు ఫలానా రేటు ఇస్తాం అని. గిరాకీ అక్కడ పుట్టింది. ఆ గిరాకీ చూసి చైనాలో ఫ్యాక్టరీలు లేచాయి. ఉత్పత్తి రెట్టింపైన ప్రతిసారీ ప్యానెళ్ల ధర దాదాపు 20 శాతం తగ్గుతూ వచ్చింది. 2010 నుంచి 2020 లోపు పెద్ద సోలార్ ప్లాంట్ల కరెంటు ఖర్చు 85 శాతం పడిపోయింది. ఆ రేటు కట్టింది జర్మనీలో కరెంటు బిల్లు కట్టిన మామూలు జనం. వాళ్ల పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు.

కొలిమి

పాతకాపు గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీ కష్టం అర్థమైంది. నేను సిమెంటు ప్లాంటులో కిల్న్ (రాయిని కాల్చే పెద్ద కొలిమి) దగ్గర పనిచేస్తాను కాబట్టి నా వైపు నుంచి చెప్తాను.

కరెంటు సంగతి ఒక దారికి వచ్చింది, సోలార్, గాలి చవకయ్యాయి. మా దగ్గర కథ వేరు. సున్నపురాయిని కాలిస్తేనే సిమెంటు. వంద కిలోల శుద్ధమైన సున్నపురాయిని కాలిస్తే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లోకి పోతుంది. బొగ్గు వాడావా, సోలార్ వాడావా అన్నదాంతో దానికి పనే లేదు, అది రాయిలోంచే వస్తుంది. కిల్న్ లోపల 1,450 డిగ్రీలు ఉండాలి, దానికి తగలేసే బొగ్గు పొగ దీనికి అదనం. రెండూ కలిపి ప్రపంచ కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం ఒక్క సిమెంటుదే. మేం ఫ్లై యాష్ (బొగ్గు ప్లాంట్ల బూడిద) కలుపుతాం, స్లాగ్ (ఉక్కు కొలిమి చిట్టెం) కలుపుతాం, క్లింకర్ (కిల్న్‌లో కాలి వచ్చే ముద్ద) వాటా తగ్గిస్తాం. కొంతవరకే. ఆ పైన కెమిస్ట్రీ అడ్డం నిలబడుతుంది.

ఇక్కడే గేట్స్ చెప్పే గ్రీన్ ప్రీమియం అన్న మాట నాకు నిజమనిపించింది. కాలుష్యం లేని సరుకుకి, మామూలు సరుకుకి మధ్య ధర తేడా ఎంత అన్నదే ఆ మాటకు అర్థం. విద్యుత్తులో అది చాలాచోట్ల సున్నాకి వచ్చేసింది, సిమెంటులో ధర దాదాపు రెట్టింపవుతుంది. బస్తాకి రెట్టింపు ధర ఎవడు పెడతాడు చెప్పండి. బ్రిమ్‌స్టోన్ అని ఒక కంపెనీ సున్నపురాయికి బదులు కాల్షియం ఉన్న వేరే రాయి నుంచి, అంటే కార్బన్ లేని రాయి నుంచి, మామూలు సిమెంటే తీయడానికి ప్రయత్నిస్తోంది. దానికి మొదట్లో డబ్బు పెట్టినవాళ్లలో బ్రేక్‌త్రూ ఉంది. ఇనుము వైపు బోస్టన్ మెటల్ ఉంది. కోక్ బొగ్గు లేకుండా కరెంటుతోనే ఖనిజాన్ని కరిగించి ఇనుము తీస్తారు, చిమ్నీ లోంచి ఆక్సిజన్ వస్తుంది. వీటిని మా మేనేజ్‌మెంటు లాంటి వాళ్లు ఎప్పటికీ మొదలుపెట్టరు. నేనే ఒకసారి మీటింగులో ఈ సంగతి ఎత్తితే ఈ క్వార్టర్ లెక్క చెప్పు ముందు అన్నారు.

నిలదీత

అందరూ బాగా చెప్తున్నారు, కానీ అసలు ప్రశ్న పక్కకి పోతోంది. ఏ టెక్నాలజీకి డబ్బు దక్కాలో, ఏ పరిశోధన ఎండిపోవాలో నిర్ణయించే అధికారం వీళ్లకి ఎవరిచ్చారు? నేను ఓటు వెయ్యలేదు, మీరూ వెయ్యలేదు.

ఆక్స్‌ఫామ్ అనే స్వచ్ఛంద సంస్థ 2023 నివేదిక చూడండి. 2019లో ప్రపంచ ఉద్గారాల్లో 16 శాతం అత్యంత ధనవంతులైన 1 శాతం జనానివి, అత్యంత పేదలైన 66 శాతం మంది, అంటే 500 కోట్ల మంది, అందరూ కలిపి వదిలినంత. ప్రైవేటు జెట్లలో తిరిగేది వాళ్లు, మార్గం చూపించేది వాళ్లు, ఇల్లు మునిగేది ఇంకెవరిదో. అంబానీ 2021లో స్వచ్ఛ ఇంధనానికి 75,000 కోట్ల రూపాయలు పెడతానన్నారు, సంతోషం. జామ్‌నగర్‌లో ఒకే చోట ఉన్న ప్రపంచంలోకెల్లా పెద్ద రిఫైనరీ కూడా ఆయనదే. వ్యక్తిగా ఆయన మీద నాకేం కోపం లేదు, కానీ రెండు ఆదాయాలూ ఒకే జేబులోకి పోతున్నప్పుడు ఏది ముందు ఆపాలన్న నిర్ణయం ఆ జేబు యజమానికి వదిలెయ్యడం నాకు సమ్మతం కాదు.

పన్నులు వెయ్యండి, ఆ డబ్బు ప్రభుత్వాలు ఖర్చుపెడతాయి, తప్పు చేస్తే నిలదీసే హక్కు మనకుంటుంది. గేట్స్ లేఖ రాసి దారి మార్చుకుంటే ఎవర్ని నిలదీస్తారు?

కొలిమి

నిలదీత అన్నా, మీ మాటలో న్యాయం ఉంది, కాదనను. కానీ ప్రభుత్వం మాత్రం మాట మీద నిలబడుతుందని అనుకోకండి. ఇందాక చెప్పిన బ్రిమ్‌స్టోన్‌కే అమెరికా ఇంధన శాఖ 2024లో 18.9 కోట్ల డాలర్ల దాకా ఇస్తామంది. 2025 మే నెలలో 24 ప్రాజెక్టులకు కలిపి దాదాపు 370 కోట్ల డాలర్లు ఒక్కసారిగా రద్దు చేసింది, అందులో ఇదీ పోయింది. ప్రభుత్వం మారింది, అంతే. అక్కడ ఓటు వేసినవాళ్లే మార్చారు. మరి ఆ కంపెనీలో ఇంజినీర్లు ఎవర్ని నిలదియ్యాలి?

నిలదీత

నాలుగేళ్లకోసారైనా మార్చే వీలుంది కదా తమ్ముడూ, నేను చెప్పేది అదే. అయినా ఆ రద్దు సంగతి నాకు తెలియదు, తెలుసుకున్నాను. అది దుర్మార్గం.

డైనమో

ప్రభుత్వమా, కోటీశ్వరుడా అని రెండు గట్లుగా విడదీసి మాట్లాడుతున్నాం. నిజంగా పని జరిగే చోట రెండూ ముడిపడి ఉంటాయి. టెర్రాపవర్ కథ చెప్తాను, పదిహేనేళ్లుగా గమనిస్తున్నాను.

గేట్స్ ఆ అణు కంపెనీలో 100 కోట్ల డాలర్లకు పైగా సొంత డబ్బు పెట్టారు. మొదట చైనాలో కట్టాలనుకున్నారు, అక్కడి ప్రభుత్వ అణు సంస్థతో ఒప్పందం కూడా అయింది. 2018లో అమెరికా ఎగుమతి నిబంధనలు బిగించేసరికి అది ఆగిపోయింది. అంటే ప్రపంచంలో అత్యంత ధనవంతుల్లో ఒకడు, కావలసినంత డబ్బు, ఏళ్ల ఓపిక, ఒక్క సర్కారు నిబంధనతో ఆరోజుకి అన్నీ వృథా. తర్వాత వయోమింగ్ రాష్ట్రంలో కెమ్మెరర్ అనే చిన్న బొగ్గు ఊరు ఎంచుకున్నారు, పక్కనే పాత థర్మల్ ప్లాంటు ఉంది, అందులో పనిచేసేవాళ్లకు ఉపాధి దొరుకుతుందని, గ్రిడ్ లైన్లు ఉన్నాయని. 345 మెగావాట్ల రియాక్టరు, నీళ్ల బదులు ద్రవ సోడియంతో చల్లబరుస్తారు. సోడియం 880 డిగ్రీలు దాటితే గానీ మరగదు, అందుకని నీళ్ల రియాక్టరులాగా విపరీతమైన పీడనం అక్కర్లేదు. వేడిని కరిగిన ఉప్పులో దాచి, డిమాండు పెరిగినప్పుడు కొన్ని గంటలపాటు 500 మెగావాట్ల దాకా ఇవ్వొచ్చు. ఖర్చులో సగం దాకా, 200 కోట్ల డాలర్ల వరకు, అమెరికా ప్రభుత్వానిదే.

అయినా ఆలస్యం తప్పలేదు. ఆ రియాక్టరుకి కావలసిన ఇంధనాన్ని అప్పట్లో వాణిజ్యపరంగా అమ్మేది ఒక్క రష్యానే. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం వచ్చింది, ఆ డిసెంబరులోనే కనీసం రెండేళ్లు ఆలస్యమని చెప్పేశారు. 2024 జూన్‌లో గానీ శంకుస్థాపన జరగలేదు. కంపెనీ పెట్టినప్పటి నుంచి లెక్కేస్తే పద్దెనిమిదేళ్లు.

నాకు వీళ్ల మీద భక్తీ లేదు, ద్వేషమూ లేదు. కానీ ఇన్నిసార్లు గోడకి గుద్దుకుని మళ్లీ లేచి డబ్బు పెట్టేవాడు ఉండబట్టే అది బతికింది. ఆ మాట ఒప్పుకోవాలి.

మేఘమాల

లేఖ గురించి ఎవరూ లోతుగా మాట్లాడలేదు, నేను మాట్లాడతాను. పూర్తిగా చదివాను. అందులో ఉద్గారాలు వదిలెయ్యండి అని లేదు, గ్రీన్ ప్రీమియం సున్నా చెయ్యాలన్న మాట అక్కడా ఉంది. పేద దేశాల్లో రైతు, రోగి ముందు బతకాలి అన్నది నాకు తప్పుగా అనిపించలేదు. ప్రపంచంలో ఇప్పటికీ దాదాపు 70 కోట్ల మందికి ఇంట్లో కరెంటు లేదు. వాళ్ల దగ్గరకెళ్లి డిగ్రీల లెక్క చెప్పలేం.

నాకు బాధ కలిగింది వేరే చోట. ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోవాలన్నట్టు ఆ మాట బయటికి పోయింది. వాన తప్పితే, వరద వస్తే ముందు పోయేది ఆ పేదవాడి పంటే కదా! అమెరికాలో ఈ పని మొత్తం ఆపెయ్యాలని చూస్తున్నవాళ్ల చేతికి ఆ లేఖ దొరికింది, వాళ్లు దాన్ని ఎలా వాడుకుంటారో ఆయనకు తెలియనిది కాదు. అంత పేరున్న మనిషి ఎప్పుడు ఏ మాట అంటున్నాడన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

దానం ఎక్కడ బాగా పనికొస్తుందంటే లాభం అసలు రాని చోట. 2021లో గ్లాస్గో సదస్సులో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్, ఐకియా ఫౌండేషన్, తర్వాత బెజోస్ ఎర్త్ ఫండ్ కలిసి 150 కోట్ల డాలర్లతో ఒక కూటమి పెట్టాయి, పేద దేశాల్లో చిన్న చిన్న సోలార్ గ్రిడ్లు, బ్యాటరీలు పెట్టించడానికి. అక్కడికి ఏ వెంచర్ ఫండూ రాదు.

పాతకాపు

రాక్‌ఫెల్లర్ అంటే గుర్తొచ్చింది. చమురుతో కట్టిన సంపద అది, స్టాండర్డ్ ఆయిల్. ఆ వారసుల నిధుల్లో ఒకటైన రాక్‌ఫెల్లర్ బ్రదర్స్ ఫండ్ 2014లో బొగ్గు, చమురు పెట్టుబడుల్లోంచి బయటికొచ్చేస్తామని ప్రకటించింది. ఆ వార్త చదివి నేను కుర్చీలోంచి లేచాను. తాత సొమ్ము మీద మనవలు అలా నిర్ణయం తీసుకోవడం మామూలు విషయం కాదు.

లెక్కలమాస్టారు

ఖర్చుపెట్టిన డాలరుకి ఎంత పొగ తగ్గింది అని లెక్కేస్తే నా దృష్టిలో ముందు నిలబడేది యంత్రాలు కాదు, లాయర్లు. 2011లో బ్లూమ్‌బర్గ్ సియెర్రా క్లబ్ అనే పర్యావరణ సంస్థ వాళ్ల బొగ్గు వ్యతిరేక ఉద్యమానికి 5 కోట్ల డాలర్లు ఇచ్చారు, తర్వాత ఇంకా ఇచ్చారు. ఆ డబ్బుతో ఒక్కొక్క ప్లాంటు మీద స్థానికులు, లాయర్లు కలిసి విద్యుత్ నియంత్రణ కమిషన్ల ముందు వాదించారు, ఈ పాత ప్లాంటు నడపడం కంటే కొత్త గాలిమరలు చవక అని అంకెలతో చూపించారు. 2019కల్లా అమెరికాలో సగానికి పైగా బొగ్గు ప్లాంట్లు మూతపడటమో, మూసివేత ఖరారు కావడమో జరిగింది. అందులో చవక సహజవాయువు పాత్ర చాలా పెద్దది, దాన్ని దాచకూడదు. ఆ గ్యాస్ కూడా కార్బనే.

అదే పక్కన గాలిలోంచి కార్బన్ పీల్చే ప్లాంట్ల సంగతి చూడండి. ఐస్‌లాండ్‌లో 2024లో మొదలైన మామత్ ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 36,000 టన్నులు. ఇంధనం వల్ల ప్రపంచం ఏడాదికి వదిలేది 3,700 కోట్ల టన్నులకు పైనే. అలాంటివి పది లక్షలు కట్టాలి. పరిశోధన చెయ్యనివ్వండి, తప్పు లేదు, కానీ అది ఉంది కదా అని బొగ్గు తగలేస్తూ కూర్చుంటే మునిగిపోతాం. దాన్ని సాకుగా చూపేవాళ్లను నేను క్షమించలేను.

పొద్దుతిరుగుడు

అందరికీ ధన్యవాదాలు. నేను అడిగిన ప్రశ్నలోనే పొరపాటు ఉందని అర్థమైంది. వీళ్లని నమ్మాలా వద్దా అని అడిగాను. ఏ పనికి నమ్మాలి అని అడగాల్సింది. లాబ్‌లోంచి మొదటి ఫ్యాక్టరీ దాకా, ఎవడూ డబ్బు పెట్టని ఆ నాలుగడుగుల దూరం దాటించడానికి నమ్ముతాను. ఆ తర్వాత జర్మనీ చేసినట్టు చట్టం కావాలి, అది వాళ్ల చేతిలో లేదు, ఉండకూడదు కూడా. అందుకే పాలసీ టీమ్‌ను తీసేసినందుకు బాధ మాత్రం తగ్గలేదు. ఆ నాలుగడుగులు దాటించి ఒడ్డున వదిలేసినట్టుంది.

నిలదీత

ఆ చట్టాల కోసం లాబీయింగ్ కూడా కోటీశ్వరుడి జీతగాళ్లే చెయ్యాలా అమ్మా? అది మనం చెయ్యాల్సిన పని. ఈ ఒక్క విషయంలో వాళ్లు తప్పుకోవడమే మేలని నా ఉద్దేశం.

పొద్దుతిరుగుడు

మనం చేస్తే మంచిదే. ఇప్పటిదాకా చెయ్యలేదు కదా.

చిగురు

మధ్యలో వస్తున్నా, సారీ. ఇందాకటి నుంచి ఇనుము, బ్యాటరీ అంటున్నారు. తుప్పు పట్టే బ్యాటరీ అని ఎక్కడో విన్నాను, అది నిజమేనా? వీళ్లు డబ్బు పెట్టినవాటిలోదేనా?

డైనమో

నిజమే. ఫామ్ ఎనర్జీ, బ్రేక్‌త్రూ మొదట్లో పెట్టుబడి పెట్టినవాటిలో ఒకటి. కరెంటు ఇస్తున్నప్పుడు లోపల ఇనుము గాలిలోని ఆక్సిజన్ పీల్చి తుప్పు పడుతుంది, చార్జి చేస్తే ఆ తుప్పు మళ్లీ ఇనుమవుతుంది, ఆక్సిజన్ బయటికి పోతుంది. లిథియం బ్యాటరీ గ్రిడ్‌కి మామూలుగా నాలుగు గంటలు ఇస్తుంది, ఇది 100 గంటలు ఇవ్వడానికి చేసింది, అంటే వరుసగా నాలుగు రోజులు మబ్బు పట్టినా, గాలి ఆగినా సరిపోవాలి. లోపం కూడా చెప్పాలి, చార్జి చేసిన కరెంటులో తిరిగొచ్చే భాగం లిథియం కంటే బాగా తక్కువ, బరువు ఎక్కువ, కారుకి పనికిరాదు. ఇనుము చవక కాబట్టి ఒక చోట కదలకుండా కూర్చునే పనికి సరిపోతుంది. వాళ్ల మొదటి ఫ్యాక్టరీ వెస్ట్ వర్జీనియాలోని వెయిర్టన్‌లో, మూతపడ్డ పాత ఉక్కు మిల్లు స్థలంలో కట్టారు. లోపల ఎలక్ట్రోడ్లు ఎలా ఉంటాయో బొమ్మ గీసి రేపు ఇక్కడే పెడతాను, మాటల్లో చెప్తే సరిగ్గా తెలియదు.

చిగురు

పెట్టండి అన్నా. చార్జి చేసేటప్పుడు తుప్పు మొత్తం పోతుందా, కొంత మిగిలిపోతుందా, అది కూడా ఆ బొమ్మ పక్కన రాయండి.